ఇది ఇలా ఉండగా... రెండు సీన్లను ఇంటర్‌కట్ చేయడం ఎలా?

కృష్ణానగర్‌లో షార్ట్ ఫిలిం కుర్రాళ్లు హార్డ్ డిస్క్ పట్టుకుని ఎడిట్ రూముకి వస్తే తరచూ వినపడే మాట ఒకటుంది. "అన్నా, ఈ సీన్ కాస్త లాగ్ అనిపిస్తోంది. పక్క సీన్‌తో ఇంటర్‌కట్ చేసేద్దామా?" సీన్ సాగుతోందంటే జబ్బు ఆ సీన్‌లోనే ఉంది. దాన్ని ముక్కలు చేసి మధ్యమధ్యలో ఇంకో సీన్ ముక్కలు ఇరికిస్తే, సాగే సీన్లు ఒకటి కాస్తా రెండవుతాయి.

ఇంటర్‌కట్ పని వేరు. హరికథ విన్నవాళ్లకు తెలుస్తుంది. దాసుగారు అశోకవనంలో సీతమ్మను కన్నీళ్లతో వదిలేసి, చిడతలు ఒకసారి మోగించి, "ఇది ఇలా ఉండగా" అంటూ సముద్రపు ఒడ్డున వానరుల దగ్గరికి పోతారు. వినేవాళ్ల చెవులు వానరుల దగ్గర ఉంటాయి, మనసు మాత్రం సీతమ్మ దగ్గరే ఉండిపోతుంది. ఆ చీలికే మనకు కావలసింది. మనం వదిలి వచ్చిన సీన్ తెర మీద లేకపోయినా, చూసేవాడి తలలో నడుస్తూనే ఉండాలి. నడవకపోతే ఎన్ని కట్లు వేసినా అది ఇంటర్‌కట్ కాదు, ఛానెల్ మార్చడం.

మాటల గురించి ఒక్క ముక్క. మన దగ్గర ఇంటర్‌కట్, క్రాస్‌కట్, పేరలల్ అన్నీ ఒకటే అన్నట్టు వాడతారు. పుస్తకాల్లో అయితే ఒకే సమయంలో వేర్వేరు చోట్ల జరిగేవాటిని అటూ ఇటూ చూపిస్తే క్రాస్‌కట్, సమయంతో పని లేకుండా పోలిక కోసం రెండు కథలను పక్కపక్కన పెడితే పేరలల్. తేడా తెలిసుంటే చాలు, దాని మీద టీ కొట్టు దగ్గర వాదన అక్కర్లేదు.

ఈ పద్ధతికి వందేళ్లు దాటాయి. అమెరికాలో డి.డబ్ల్యు. గ్రిఫిత్ 1909లో తీసిన ఒక్క రీలు సినిమా ఒకటుంది. ఇంట్లో భార్యాపిల్లలు, బయట దొంగలు, ఎక్కడో దూరంగా భర్త. ఫోన్ తీగ తెగిపోతుంది. దొంగలు తలుపులు పగలగొట్టుకుంటూ రావడం, భర్త ఇంటికి పరిగెత్తడం, లోపల వీళ్లు వణికిపోవడం, ఈ మూడింటి మధ్యా సినిమా తిరుగుతుంది. ఏడేళ్ల తర్వాత, 1916లో, ఆయనే నాలుగు వేర్వేరు కాలాల కథలను ఒకే సినిమాలో అల్లాడు. బాబిలోన్ పతనం, క్రీస్తు కథ, 1572 నాటి ఫ్రాన్స్ ఊచకోత, తన కాలపు అమెరికా. మొదటిది క్రాస్‌కట్, రెండోది పేరలల్. మనం నేర్చుకోబోయేది ఎక్కువగా మొదటి రకమే, ఎందుకంటే షార్ట్ ఫిలింలో అక్కరకొచ్చేది అదే.

చేతిలో పట్టుకోవడానికి ఒక కథ ఉండాలి కాబట్టి ఇలా అనుకుందాం. యూసుఫ్‌గూడ పక్క గల్లీలో రెండు గదుల ఇల్లు. అమ్మ బట్టలు కుడుతుంది. రేపటి పెళ్లికి ఇవ్వాల్సిన పట్టుచీర ఒకటి ఫాల్ కుట్టడానికి వచ్చింది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. పొద్దున కూతురు నల్లా తిప్పి చూసింది, నీళ్లు రాలేదు, కట్టేయడం మరిచిపోయి హైటెక్ సిటీలో ఇంటర్వ్యూకి పోయింది. అమ్మ ఎర్రగడ్డ రైతు బజారుకి వెళ్లింది. ఇంట్లో ఎవరూ లేరు. మిషన్ పక్కన నేల మీద ఒక గుడ్డ మూట. అప్పుడు నీళ్లొచ్చాయి.

హైదరాబాదులో అద్దె ఇంట్లో ఉన్న ఎవరికైనా ఈ కథ చెబితే సగం టెన్షన్ మనం తీయకుండానే వచ్చేస్తుంది.

మొదటి అడుగు: రెండు సీన్లకు చుట్టరికం ఏమిటి?

సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఒక వాక్యం రాయండి. "అక్కడ ఫలానాది జరుగుతోంది కాబట్టి ఇక్కడ ఫలానాది చూస్తుంటే నాకు ఫలానా అనిపిస్తుంది." మన కథలో: ఇంట్లో నీళ్లు పారుతున్నాయి కాబట్టి, ఆఫీసులో ఈ అమ్మాయి తీరిగ్గా నవ్వుతూ జవాబులు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. బాగుంది. చుట్టరికం ఉంది.

వాక్యంలో "కాబట్టి" కుదరక "మరియు" రాయాల్సి వస్తే ఆగిపోండి. హీరో జిమ్‌లో ఉన్నాడు, మరియు హీరోయిన్ కాలేజీలో ఉంది. వీటిని కలిపి కోసినా ఏమీ రాదు, ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోండి.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. ప్రేక్షకుడికి తెలిసింది పాత్రకు తెలుసా? మన కథలో మొదటి సగం అమ్మాయికి ఏమీ తెలియదు, మనకు తెలుసు. దుర్గం చెరువు స్టేషన్ దగ్గర మెట్రోలో పక్కావిడ చేతిలో నీళ్ల సీసా చూసి ఆమెకు గుర్తొస్తుంది. అక్కణ్ణుంచి ఇద్దరికీ తెలుసు. ఈ రెండు సగాలనూ కట్ చేసే తీరు వేరు. తెలియనంతసేపు ఆమె సీన్లను సాగనివ్వవచ్చు, ఎందుకంటే ఆ తీరుబడే మనల్ని చంపుతుంది. తెలిశాక సాగితే మాత్రం నిజంగానే లాగ్.

రెండో అడుగు: ఏ సీనుకా సీను పూర్తిగా కట్ చేయండి

తొందరపడి మొదటిరోజే రెండిటినీ కలిపేయవద్దు. ఇంటి సీన్ మొత్తాన్ని, నల్లా బుస్సుమనడం దగ్గర్నుంచి గది నిండా నీళ్లు నిలిచేదాకా, ఒంటరిగా చూసినా అర్థమయ్యేలా కట్ చేయండి. ఆఫీసు, మెట్రో, పరుగు కూడా అంతే. రెండూ విడివిడిగా నిలబడాలి.

ఎందుకంటే ఇంటర్‌కట్ చాలా తప్పులను కప్పేస్తుంది. నటన తేలిపోయిన చోట, కంటిన్యుటీ (ఒక షాటుకూ పక్క షాటుకూ ఉండే పొంతన) దెబ్బతిన్న చోట, చేయి అటువైపు కట్ కొడుతుంది. ఆ తప్పులన్నీ తర్వాత సంగీతం వేసేటప్పుడు బయటపడతాయి. విడిగా కట్ చేస్తే ఏ షాట్ బలమైనదో, ఏది చచ్చుదో తెలిసిపోతుంది. మన ఇంటి సీన్‌లో మనిషే లేడు. నల్లా, డ్రమ్ము, గడప, చెప్పులు, మూట, ఇవే నటులు. వాటి మధ్య ఏ షాటు తర్వాత ఏది వస్తే నీళ్లు "నడుస్తున్నట్టు" ఉంటుందో ముందు విడిగా తేల్చుకోవాలి.

పనిముట్ల విషయం పెద్దగా లేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు, ప్రీమియర్ ప్రో ఉన్నా సరే. రెండు సీన్ల టైమ్‌లైన్లకూ (క్లిప్పులను వరసగా పేర్చుకునే పట్టీలు) కాపీ తీసి పక్కన దాచండి, అసలువాటిని ముట్టుకోవద్దు. మూడో టైమ్‌లైన్ తెరిచి, ఇంటి సీన్ కింది వీడియో ట్రాకులో, అమ్మాయి సీన్ పై ట్రాకులో పెట్టండి. ఇంటి క్లిప్పులన్నిటికీ ఒక రంగు, అమ్మాయి క్లిప్పులకు ఇంకో రంగు ఇవ్వండి. దూరం నుంచి చూసినా ఏ సీన్ ఎంతసేపు ఉందో కళ్లకు కట్టినట్టు కనపడుతుంది.

మూడో అడుగు: చీటీలు

ఇది కంప్యూటర్ కట్టేసి చేసే పని. ప్రతి సీన్‌లో ఏదైనా మారే క్షణాలను ఒక్కో చీటీ మీద రాయండి. ఇంటి చీటీలు: నల్లా బుస్సుమంది, మొదటి ధార, డ్రమ్ము సగం, డ్రమ్ము పొంగింది, నీళ్లు గడప తాకాయి, గడప దాటాయి, చెప్పు తేలింది, మిషన్ కాలు తడిసింది, మూట అంచు తడిసింది. అమ్మాయి చీటీలు: పేరు పిలిచారు, ఫోన్ సైలెంట్‌లో పెట్టింది, మొదటి ప్రశ్న, అమ్మ ఫోన్ (చూడలేదు), నవ్వు, "మేం కబురు చేస్తాం", మెట్రో ఎక్కింది, సీసా చూసింది, ఇలా ఇంటి తాళం దాకా.

నేల మీద రెండు వరసలుగా పరవండి. ఇప్పుడు చేత్తో అటూ ఇటూ జరుపుతూ మూడో వరస కట్టండి. టైమ్‌లైన్‌లో రెండు గంటలు పట్టే ప్రయోగం నేల మీద పది నిమిషాల్లో తేలిపోతుంది. ఏ చీటీ దగ్గర "ఆ తర్వాత?" అని మీకే అనిపిస్తే దాని మూల మడవండి. మడిచిన చీటీలే మీ కటింగ్ పాయింట్లు.

నాలుగో అడుగు: ఎక్కడ వదలాలి, ఎక్కడ అందుకోవాలి

విద్య అంతా ఇక్కడే ఉంది, మిగతా అడుగులన్నీ దీనికి సేవలు.

వదలడం సంగతి ముందు. పని పూర్తయ్యాక వదిలితే ప్రేక్షకుడు ఆ సీన్‌ను తలలోంచి దించేస్తాడు. డ్రమ్ము నిండి, పొంగి, వాకిలి తడిసి, అంతా చూపించి కట్ చేస్తే ఇంక ఆ ఇంటి గురించి ఆలోచించడానికి ఏం మిగలలేదు. అదే డ్రమ్ము అంచు దాకా నీళ్లొచ్చి, ఉబ్బి, ఇంకా జారలేదు అన్నచోట వదిలేయండి. చూసేవాడు ఆ బొట్టును తానే జార్చుకుంటాడు. ఆఫీసు సీన్ నడుస్తుండగా వాడి తలలో వాకిలి తడుస్తూ ఉంటుంది. మనం ఖర్చు పెట్టకుండా వచ్చిన షాట్ అది.

మనుషుల సీన్లలో వదిలే చోట్లు మూడు రకాలుగా దొరుకుతాయి. ప్రశ్న పడి జవాబు రానప్పుడు. చేయి కదిలి పని ముగియనప్పుడు, అంటే తాళంచెవి రంధ్రంలో పెట్టింది కానీ తిప్పలేదు. ముఖం మీద ఒక ఆలోచన మొదలై ఇంకా మాట కానప్పుడు. మూడోది నాకు ఇష్టం, కానీ దానికి నటి ఉండాలి. నటి బలహీనమైతే రెండోదాన్ని నమ్ముకోండి, చేతులు అబద్ధం చెప్పవు.

డైలాగ్ చివర్లో వదలడం అందరూ చేసే పని. "వాడు రేపటికల్లా నా కాళ్ల దగ్గర ఉండాలి!" అని విలన్ అరవగానే కట్. ఒకటి రెండుసార్లు బాగుంటుంది. ప్రతిసారీ డైలాగ్ ముగింపులోనే కట్ పడితే ప్రేక్షకుడు కట్‌ను ముందే ఊహిస్తాడు. ఒకసారి మాట మధ్యలో తెంపి చూడండి.

ఇప్పుడు అందుకోవడం. తిరిగి వచ్చినప్పుడు సీన్ మనం వదిలినచోటే నిలబడి ఎదురుచూస్తూ ఉండకూడదు. ఇది కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. డ్రమ్ము అంచు దగ్గర వదిలి, ఆఫీసులో 20 సెకన్లు గడిపి, మళ్లీ డ్రమ్ము అంచుకే వస్తే ప్రేక్షకుడికి తెలియకుండానే ఒక నమ్మకం పోతుంది. "నేను లేనప్పుడు ఇక్కడేమీ జరగదన్నమాట." ఆ తర్వాత వాడు దేని గురించీ కంగారుపడడు. కాబట్టి తిరిగి వచ్చేసరికి నీళ్లు గడప దగ్గర ఉండాలి. ఒక్క మెట్టు దూకండి. మధ్యలో జరిగింది వాడే పూరించుకుంటాడు, పైగా "అయ్యో, అప్పుడే ఇంత దూరం వచ్చాయా" అంటాడు.

దూకడం మరీ ఎక్కువైనా ప్రమాదమే. అంచు దగ్గర వదిలి, వచ్చేసరికి మూట తేలుతూ ఉంటే మధ్యలో ఒక చీటీ పోయిందని తెలిసిపోతుంది. రెండు చీటీలు దాటవద్దు.

ఐదో అడుగు: గడియారం

లెక్క ఒకటి వేసుకోండి. 200 లీటర్ల డ్రమ్ము, నిమిషానికి 10 లీటర్ల ధార అనుకుంటే నిండడానికి 20 నిమిషాలు. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కితే యూసుఫ్‌గూడ ఆరో స్టేషన్. తెర మీద మన దగ్గర ఉన్నది మూడు నిమిషాలు. అంటే ఎలాగూ అబద్ధమే ఆడుతున్నాం. మంచి సంగతేమిటంటే, అటు తిరిగి ఇటు వచ్చేలోపు ఎంత కాలం మింగేసినా ప్రేక్షకుడు లెక్క అడగడు. ఒకే సీన్‌ను నేరుగా నడిపిస్తే ఈ సౌకర్యం ఉండదు, జంప్ కట్ (మధ్యలో కాలం ఎగిరిపోయినట్టు కొట్టొచ్చే కుదుపు) కనపడుతుంది.

చివర్లో దీనికి రివర్స్ చేస్తాం. మూట అంచు తడవబోయే ఆఖరి రెండు సెకన్లను పది సెకన్లకు సాగదీస్తాం. తాళం, నీళ్లు, తలుపు గొళ్లెం, నీళ్లు. ఇక్కడ మాత్రం వదిలిన క్షణానికే తిరిగి రావచ్చు. ఒక్కసారి, ఆఖర్లో. అంతకుముందే వాడేస్తే ఆఖర్లో చేతిలో ఏమీ మిగలదు.

వెలుతురు విషయం జాగ్రత్త. నేను అసిస్టెంట్‌గా ఉన్న రోజుల్లో ఒక పెళ్లి సీన్‌నీ, బైక్ మీద వచ్చే సీన్‌నీ కలిపి మురిసిపోతూ చూపించాను. డైరెక్టర్ మొత్తం చూసి, "బానే ఉందిరా. అక్కడ మిట్టమధ్యాహ్నం, ఇక్కడ పొద్దుగూకుతోంది. ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నారా?" అన్నారు. ఒకే సమయం అని చెప్పే సీన్లలో నీడలు చూసుకోండి. కొంత డీఐలో (రంగులు, వెలుతురు సరిచేసే దశ) సర్దవచ్చు కానీ నీడ పొడవును ఏ కలరిస్టూ తగ్గించలేడు.

ఆరో అడుగు: నిడివి

మొదటి విడత పొడవుగా ఉండాలి. ఇల్లు ఏమిటో, గది ఎలా ఉందో, మూట ఎక్కడుందో కళ్లు పట్టుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు ఇవ్వండి. ఆఫీసుకూ అంతే. ఈ పునాది లేకపోతే తర్వాత వచ్చే రెండు సెకన్ల షాట్లు ఎవరికీ అందవు. తర్వాత క్రమంగా తగ్గించుకుంటూ పోతాం. అది అందరికీ తెలిసిందే.

తెలియనిది ఇది: 12, 11, 10, 9 అంటూ మెట్లు దిగినట్టు తగ్గిస్తే చూసేవాడు లయ పట్టేస్తాడు. 22, 30, 9, 16, 5, 14, 4, 3 లాంటి వంకరటింకర వరస మేలు. మధ్యలో ఆ 14 ఎందుకంటే, అక్కడ అమ్మాయికి సీసా చూసి గుర్తొస్తుంది. ముఖం మారడానికి టైమ్ ఇవ్వాలి. వేగం కోసం దాన్ని ఐదుకు తెగ్గోస్తే తర్వాతి పరుగుకు అర్థమే ఉండదు.

రెండు సీన్లకూ సమానంగా పంచాలన్న నియమం కూడా ఏమీ లేదు. భయం ఎక్కడుంటే సమయం దానికి ఎదుటి సీన్‌కు ఎక్కువ ఇవ్వండి. నీళ్లు భయపెడుతున్నాయి కాబట్టి ఆఫీసుకు ఎక్కువ సమయం. తిరగబడినట్టు ఉంటుంది కానీ చేసి చూడండి.

ఫ్రేముల లెక్క ఆఖర్లో. సెకనుకు 24 ఫ్రేములు. ఆఖరి ఘట్టంలో 30 ఫ్రేముల షాట్‌ను 24కు తగ్గించాలా, 20కి తగ్గించాలా అన్నది కంటితోనే తేలుతుంది. షాట్‌లో కదలిక తక్కువైతే ఇంకా తగ్గించవచ్చు. చదవాల్సింది ఏదైనా ఉంటే, ఫోన్ మీద "అమ్మ: 6 మిస్డ్ కాల్స్" లాంటిది, రెండుసార్లు మనసులో చదువుకునేంత సేపు ఉంచండి.

ఏడో అడుగు: శబ్దం

రెండు సీన్లను కుట్టే దారం శబ్దమే. బొమ్మలు కట్ అయినచోటే శబ్దమూ కట్ అయితే ప్రతి కట్టూ తలుపు వేసినట్టు వినిపిస్తుంది. కొన్నిచోట్ల అది కావాలి. ఎక్కువచోట్ల వద్దు.

నీళ్లు వచ్చే ముందు నల్లా ఎలా మోగుతుందో గుర్తుందా? ముందు గాలి. బుస్సు, బుస్సు, ఒక దగ్గు, తర్వాత ధార. ఆ బుసను అమ్మాయి సీన్ మీదే మొదలుపెట్టండి. ఆమె ఆఫీసులో ఏసీ కింద కూర్చుని ఉంది, సన్నగా బుస్ మంటోంది. ఏసీ అనుకుంటాం. కాస్త పెరుగుతుంది. కట్ చేస్తే నల్లా. బొమ్మకంటే ముందే శబ్దం రావడాన్ని జె కట్ అంటారు. బొమ్మ పోయాక కూడా శబ్దం మిగలడాన్ని ఎల్ కట్ అంటారు. టైమ్‌లైన్‌లో ఆడియో, వీడియో లింకు తీసేసి, ఆడియో కొనను 12 నుంచి 24 ఫ్రేములు ముందుకు లాగితే జె కట్ తయారు. ఈ బుస లాంటి చోట మూడు నాలుగు సెకన్లు లాగినా తప్పులేదు.

ఎల్ కట్‌కు మన కథలో మంచి చోటుంది. ఇంటర్వ్యూలో ఆయన అడుగుతాడు, "మీలో గొప్ప గుణం ఏమిటి?" అమ్మాయి గొంతు: "నేను ఏ పనీ మధ్యలో మరిచిపోనండి." ఆ మాట మీదే గడప దాటుతున్న నీళ్లు. హాల్లో నవ్వు ఖాయం. ఇలాంటివి సినిమా మొత్తానికి ఒక్కటి చాలు. రెండోది పెడితే ఎడిటర్ తెలివి కనపడుతుంది, కథ కనపడదు.

నేపథ్య సంగీతం సంగతి మ్యూజిక్ డైరెక్టర్‌తో ముందే మాట్లాడండి. రెండు సీన్ల మీదా ఒకే ట్రాక్ నడిపితే అవి ఒకటిగా అతుక్కుంటాయి, ఊపు వస్తుంది. కానీ చోట్ల తేడా పోతుంది. ఇంట్లో సంగీతం లేకుండా కేవలం నీళ్ల చప్పుడు, మెట్రోలో మాత్రం సంగీతం, ఇలా చేస్తే ఇంటికి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ నిశ్శబ్దం గుచ్చుకుంటుంది. మన కథకు నేనైతే రెండోదే వేస్తాను. ఎడిట్ చేసేటప్పుడు ఎక్కడిదో భారీ సినిమా ట్రాక్ తెచ్చి కింద వేసుకుని కట్ చేయడం మాత్రం మానుకోండి. ఆ ట్రాక్ తీసేసిన రోజు మీ కట్‌లో ప్రాణం లేదని తెలుస్తుంది.

ఎనిమిదో అడుగు: దారి తప్పించకుండా

తిరిగి వచ్చిన ప్రతిసారీ మొదటి అర సెకనులోనే ఎక్కడున్నామో తెలిసిపోవాలి. ఇల్లు పసుపు వెలుతురు, ఆఫీసు నీలం తెలుపు. ఇంటి షాట్లు నేల మట్టం నుంచి, మెట్రో షాట్లు కంటి ఎత్తు నుంచి. ఇవి షూటింగ్‌లోనే అనుకుని తీస్తే మీ పని సగం అయిపోతుంది. తీయకపోతే శబ్దంతో చెప్పండి, ఇంటికి నీళ్లు, మెట్రోకి పట్టాల మోత.

దిక్కు కూడా ముఖ్యం. మెట్రో ఎడమ నుంచి కుడికి పోతోందనుకుంటే, దిగాక అమ్మాయి పరుగు కూడా కుడివైపుకే ఉండాలి. ఇంట్లో నీళ్లు కుడి నుంచి ఎడమకు పారితే రెండూ ఒకదానికొకటి ఎదురొస్తున్నట్టు ఉంటుంది, ఢీకొంటాయన్న భావం దానంతటదే వస్తుంది. రెండూ ఒకే దిక్కుకు పోతే తరుముతున్నట్టు ఉంటుంది. కెమెరామన్ తప్పు దిక్కులో తీసి ఉంటే ఫ్లాప్ చేయవచ్చు, అంటే బొమ్మను అద్దంలోలా కుడి ఎడమలు తిప్పేయవచ్చు, కానీ వెనకాల స్టేషన్ బోర్డు ఉంటే అక్షరాలు తిరగబడతాయి, చూసుకోండి. (మెట్రోలో తీయడానికి ముందే అనుమతి తీసుకోవాలి. ఫోన్‌తో దొంగచాటుగా తీసిన ఫుటేజ్‌ను నమ్ముకుని కథ రాసుకోకండి.)

ఫోన్ సీన్ల గురించి

క్రాస్‌కట్‌లో అందరికీ ముందు ఎదురయ్యేది ఫోన్ సీనే కాబట్టి కొంచెం చెప్పాలి. మాట్లాడేవాళ్ల మీదికే కట్ చేస్తూ పోతే అది టేబుల్ టెన్నిస్. వినేవాళ్ల ముఖమే విలువైనది. మాట అటు, ముఖం ఇటు. ఒక్కోసారి అవతలి మనిషిని అసలు చూపించకపోవడమే మేలు. చూపించాలని నిర్ణయించుకుంటే మాత్రం మొదటి నాలుగైదు మాటల్లోపే చూపించండి, చివర్లో హఠాత్తుగా అవతలివైపు దూకితే ఏదో కొత్త సంగతి బయటపడబోతోందని ప్రేక్షకుడు అనుకుంటాడు.

అసలు కట్టే లేకుండా రెండు చోట్లను కలపడం మనవాళ్లు 1957లోనే చేసి చూపించారు. మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె మూత తీస్తే శశిరేఖకు ఎక్కడో ఉన్న అభిమన్యుడు కనపడతాడు. ఈనాటి వీడియో కాల్ సీన్‌కు అది తాతమ్మ. ఫోన్ తెరలోనే అవతలి మనిషి కనపడుతుంటే, ఇంటర్‌కట్ అవసరమా అని ఒకసారి అడగండి. చాలాసార్లు అవసరం ఉండదు.

తొమ్మిదో అడుగు: కలిసే చోటు

క్రాస్‌కట్ ఒక అప్పు. రెండు దారులు ఎక్కడో కలుస్తాయని మాట ఇచ్చి ప్రేక్షకుడి దగ్గర తీసుకున్నది. తలుపు తెరుచుకోగానే చెల్లించాలి. కలిసిన తర్వాత అటూ ఇటూ కోయడం ఆపేయండి. అదే వేగంలో ఇంకో పది కట్లు వేస్తే చూసేవాడికి ఊపిరి తీసుకునే చోటు దొరకదు. తలుపు తెరిచింది, గుమ్మంలో నిలబడింది, మొత్తం గది కనపడేలా ఒక వైడ్ షాట్. నీళ్లలో చెప్పులు, తడిసిన మూట, ఆమె. కదలకండి. ఎనిమిది సెకన్లు, పది సెకన్లు. మీకే భయం వేసేంతసేపు ఉంచండి.

ఇప్పుడు మన కథలో మెలిక. వెనకాల అమ్మ వస్తుంది, కూరగాయల సంచి ఒక చేతిలో, రెండో చేతిలో కవరు. కవరులో పట్టుచీర. కుచ్చులు కట్టించడానికి తనతోపాటే తీసుకుపోయింది. మూటలో ఉన్నవి పాత గుడ్డ ముక్కలు. ఇది మోసమా? మనం చూపించింది మూటనే, చీరను కాదు. ప్రేక్షకుడు తానే చీర అనుకున్నాడు. మొదటి సీన్‌లో అమ్మ చీరను మూటలో కడుతున్నట్టు ఒక్క షాట్ ఉన్నా ఇది మోసమే అవుతుంది, తిడతారు. ఆ షాట్ రషెస్‌లో (షూటింగ్‌లో తీసిన అసలు ఫుటేజ్) ఉంటే తీసి అవతల పారేయండి, ఎంత బాగున్నా సరే.

ప్రేక్షకుడి ఈ అలవాటును తెలిసి వాడుకున్న గొప్ప ఉదాహరణ 1991 నాటి ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్‌లో ఉంది. పోలీసులు ఒక ఇంటిని చుట్టుముడతారు, లోపల హంతకుడు. బెల్ కొడతారు, లోపల గంట మోగుతుంది. వాడు తలుపు తీస్తే ఎదురుగా పోలీసుల దండు లేదు, వేరే పని మీద ఒంటరిగా వచ్చిన హీరోయిన్ ఉంది. పోలీసులు చుట్టుముట్టింది ఇంకో ఇంటిని. రెండు సీన్లను పక్కపక్కన పెడితే ఒకేచోట అని మనమే నమ్మేస్తాం. ఆ నమ్మకాన్ని అక్కడ ఒక్కసారే, అతి ముఖ్యమైన చోటే ఖర్చు పెట్టారు.

పదో అడుగు: చూపించి చూడండి

మొదట మీరే శబ్దం కట్టేసి చూడండి. కథ అర్థం కావాలి. తర్వాత బొమ్మ ఆపి శబ్దం మాత్రమే వినండి. ఎక్కడున్నామో చెవికి తెలియాలి. ఎప్పుడూ ఇంటర్‌కట్ మొదలయ్యే చోటు నుంచి చూడొద్దు, రెండు నిమిషాలు వెనక్కి వెళ్లి చూడండి. ముందు సీన్ నెమ్మదిగా ఉంటే మీ కట్లు మీరనుకున్నదానికంటే వేగంగా అనిపిస్తాయి.

తర్వాత సినిమాతో సంబంధం లేని ఒకరిని కూర్చోబెట్టండి. ఫ్రెండ్స్ వద్దు, వాళ్లు "సూపర్ మామా" అంటారు. ఎడిట్ రూముకి టీ తెచ్చే అబ్బాయి మంచి ప్రేక్షకుడు. అయిపోయాక "బాగుందా" అని అడగవద్దు. "ఇంటర్వ్యూలో ఆయన ఏం అడిగాడు?" అని అడగండి. చక్కగా చెప్పేశాడంటే నీళ్లు వాడి తలలో లేవన్నమాట, వదిలే చోట్లు తప్పాయి. "ఏమో అన్నా, నల్లా ఎవరైనా కట్టేస్తారా లేదా అని చూస్తున్నా" అంటే మీ పని అయినట్టే. నాలుగో అడుగుకు వెనక్కి పోవాలా, ముందుకు పోవాలా అన్నది ఈ ఒక్క జవాబుతో తేలుతుంది.

కుర్చీలో కదిలిన చోట్లు కూడా గుర్తు పెట్టుకోండి. వాడు ఫోన్ చూసిన క్షణంలో కీబోర్డు మీద ఎం నొక్కితే టైమ్‌లైన్ మీద మార్కర్ పడుతుంది. ఆ మార్కర్‌కు ముందున్న 20 సెకన్లలోనే తప్పు ఉంటుంది, మార్కర్ దగ్గర కాదు.

లాక్ చేసి పంపేటప్పుడు

పిక్చర్ లాక్ అయ్యాక, అంటే ఇక బొమ్మల కట్ మార్చబోమని తేల్చుకున్నాక, సౌండ్ వాళ్లకు పంపే ముందు ఆడియో ట్రాకులు విడదీయండి. ఇంటి శబ్దాలన్నీ ఒక జత ట్రాకుల్లో, ఆఫీసు, మెట్రో శబ్దాలు ఇంకో జతలో, మాటలు వేరేగా. అన్నీ కలిసిపోయి ఉంటే వాళ్లు ముందు చిక్కు విప్పుకోవడానికే రోజు పడుతుంది. ప్రతి క్లిప్‌కు రెండు వైపులా ఒకటి రెండు సెకన్ల అదనపు ఆడియో, అదే హ్యాండిల్స్, ఉంచి పంపండి. మీరు వేసిన జె కట్‌ను వాళ్లు ఇంకాస్త లాగాలనుకుంటే లాగడానికి అక్కడ శబ్దం ఉండాలి కదా. నల్లా బుస విడిగా రికార్డు చేసింది ఉంటే అదీ ఇవ్వండి. లేకపోతే నీళ్లొచ్చే రోజు పొద్దున్నే లేచి, ఫోన్ పట్టుకుని నల్లా దగ్గర కూర్చోండి. రికార్డింగ్ అయ్యాక కట్టేయడం మరిచిపోకండి.